ఎడమకు తిరిగే కొళాయి

ఊరంతా ఆయన్ని కొళాయి మంత్రి అనేవారు. ఆయన మంత్రీ కాదు, మంత్రిగారి దగ్గర బంట్రోతూ కాదు. లేత్ మిషన్ ముందు నిలబడి ఇత్తడి కొళాయిలకు మర చుట్లు కొట్టే టర్నరు. కానీ కొత్త దేశం పుట్టిన రోజుల్లో మంత్రులకీ మామూలు మనుషులకీ మధ్య పెద్ద దూరం ఉండేది కాదు. మనం విడిపోయి వచ్చిన పెద్ద దేశానికి ఎన్ని శాఖలున్నాయో మనకీ అన్ని ఉండాల్సిందేనని పట్టుబట్టారు. శాఖలు కుదిరాయి, మనుషులే చాల్లేదు. పరిశ్రమల శాఖ డ్రైవింగ్ స్కూలు మాస్టారికి దక్కింది. విదేశాంగం చూసే ఆయన అంతకుముందు ఫోటో స్టూడియో నడిపేవాడు. పాస్‌పోర్టు ఫోటోలు తీసిన అనుభవం ఉందని ఇచ్చారట. అలాంటి చోట కొళాయిలు చేసేవాడికి ఒక బిరుదు దొరకడంలో విడ్డూరమేమీ లేదు.

అంతకుముందు అది దేశం కాదు, పెద్ద దేశంలో ఒక మూల. ఆ మూలకి కొసన ఒక మురుగు కాలువ, కాలువ మీద ఒక సిమెంటు పలక. అవతల ఈయన అన్నయ్య పోత కొలిమి, ఇవతల తమ్ముడి లేత్ షాపు. రెండూ తండ్రి పెట్టినవే. అన్నయ్య ఇత్తడి కరిగించి అచ్చుల్లో పోసేవాడు. చుట్లు లేని ముడి కొళాయిల్ని పనివాళ్లు గంపల్లో పెట్టుకుని పలక మీదుగా తెచ్చేవారు. తమ్ముడు వాటిని నునుపు చేసి, చుట్లు కొట్టి, ఒకటికి రెండుసార్లు తిప్పి చూసి బయటికి పంపేవాడు. మధ్యాహ్నం కాగానే పలక దాటి, అన్నయ్య ఇంటి పెరటి గుమ్మంలోంచి నేరుగా వంటింట్లో తేలేవాడు. నూనె చేతులతో పళ్లెం ముట్టుకోబోతే వదిన కసిరేది. పెళ్లయిన కొత్తలో ఇదేం అలవాటని భార్య అలిగింది. అలిగి అలిగి, చివరికి ఆవిడ కూడా భోజనానికి అటే వెళ్లడం మొదలుపెట్టింది.

విడిపోదామన్న గొడవ మొదలయ్యాక తమ్ముడికి పూనకం వచ్చినంత పనైంది. పన్నులు మనవి, గుంతలు మనవి, రోడ్లు మాత్రం వాళ్లవి అని ఒక మాట కనిపెట్టి కనపడిన వాళ్లందరికీ చెప్పేవాడు. నిజం చెప్పొద్దూ, అందులో అబద్ధం లేదు. ఆ మూలకి రోడ్డు మంజూరైందని పేపర్లో ఎన్నోసార్లు చదివారు గానీ దాని మీద నడిచినవాడు లేడు. ఆసుపత్రికి డాక్టరు కావాలంటే రాజధానికి అర్జీ పెట్టుకోవాలి. అక్కడ దాన్ని ఎవరో ఒకరు చదివేలోపు ఇక్కడ రోగి సంగతి అటో ఇటో తేలిపోయేది. కాబట్టి కోపం ఉత్తిది కాదు. దాని వెనకాల వేసుకున్న లెక్కే ఉత్తిది. విడిపోతే చాలు, మిగతావన్నీ వాటంతటవే వచ్చి ఒళ్లో పడతాయని అందరి లెక్కా.

అన్నయ్య ఈ గొడవలో అటూ లేడు, ఇటూ లేడు. ఒక్కసారే నోరు విప్పాడు, అదీ భోజనాల దగ్గర.

"వేరు కాపురం పెట్టడం తప్పు కాదురా. పొయ్యిలోకి కట్టెలు ఎక్కడివనేది ముందు చూసుకోవాలి, అంతే."

తనని చిన్నపిల్లాణ్ణి చేసి మాట్లాడాడని తమ్ముడికి కష్టమేసింది. ఆ కష్టాన్ని లోపల పెట్టుకుని విడిపోవాలా వద్దా అన్న వోటింగుకి ముందు జరిగిన సభకి వెళ్లాడు. సభ కాలువ గట్టు మైదానంలో పెట్టారు. ఇవతలివాళ్లు ఎలాగూ మనవాళ్లే కాబట్టి లౌడ్‌స్పీకర్లన్నీ అవతలి వైపుకి తిప్పారు. తమ్ముడు మాట్లాడాల్సింది రెండు ముక్కలు. మొదటి ముక్కకి చప్పట్లు పడ్డాయి. రెండోదానికి ఇంకా గట్టిగా పడ్డాయి. జన్మలో ఎప్పుడూ చప్పట్లు ఎరగని మనిషికి ఆ మోత బాగా తలకెక్కింది. మూడో ముక్క కోసం వెతుక్కుంటూ తలెత్తితే ఎదురుగా కొలిమి పొగ కనపడింది.

"ఎక్కడో దూరం ఎందుకు, మా అన్నయ్యే ఉన్నాడు. ఇన్నేళ్లూ నేను చెమటోడుస్తుంటే కూర్చుని తిన్నాడు" అనేశాడు.

మైదానం దద్దరిల్లింది. అవతల కొలిమి ముందు నిలబడ్డ అన్నయ్య, వదిన, పనివాళ్లు అందరూ విన్నారు. వినకుండా ఉండే వీలు లేకుండా సభ వాళ్లే ఏర్పాటు చేశారు కదా. మర్నాడు మధ్యాహ్నం ఈయన ఏమీ జరగనట్టే వంటింట్లోకి వెళ్లి కూర్చున్నాడు. వదిన వడ్డించింది. నూనె చేతులు చూసి కూడా ఏమీ అనలేదు. అన్నయ్య ఆ పూట భోజనానికి రాలేదు.

తర్వాత విడిపోయారు. మురుగు కాలువే అంతర్జాతీయ సరిహద్దు అయింది. సిమెంటు పలక పీకేసి రెండు గట్ల మీదా ముళ్ల కంచె వేశారు. ముడి కొళాయిలు మాత్రం ఆగలేదు. ఒక దళారీ వాటిని లారీలో ఎక్కించి, ఎక్కడో ఉన్న చెక్‌పోస్టు మీదుగా తిప్పి, కిటికీలోంచి కనపడే కొలిమి నుంచి షాపు దాకా ఒక పూట ప్రయాణం చేయించి తెచ్చేవాడు. దళారీ నోట అన్నయ్య కబురు ఒక్కటి కూడా వచ్చేది కాదు.

కొత్త దేశానికి మొదటి భయం పెద్ద దేశం కొళాయిల వల్ల పట్టుకుంది. అవి చౌక. అవతల ఫ్యాక్టరీలు పెద్దవి, కుప్పలుగా చేసి కుప్పలుగా పోస్తారు. పన్ను వేద్దామంటే వాళ్లు మనమీద అంతకు రెట్టింపు వేస్తారు. పరిశ్రమల మంత్రి కమిటీ వేసి కొళాయిల టర్నర్ని కూడా పిలిచాడు. అక్కడే మనవాడి బుర్రలో ఆ మహత్తరమైన ఆలోచన మెరిసింది. ప్రపంచంలో కొళాయి చుట్లన్నీ కుడికి తిరిగితే బిగుస్తాయి. మనం గొట్టానికి ఎక్కే చోటా, పిడి తిరిగే చోటా ఎడమకే కొడదాం. గొట్టాలు మనవి, చుట్లు మనవి. వాళ్ల కొళాయి ఎంత చౌకదైనా మన గొట్టానికి ఎక్కి చావదు.

కమిటీ అంతా లేచి నిలబడింది. పన్ను లేదు, తగాదా లేదు, ఒక్క రూపాయి ఖర్చు లేదు, పెద్ద దేశానికి గుమ్మం మూసేసినట్టే. పైగా ఇంటింటికీ పాత కొళాయి పీకి కొత్తది పెట్టాలి కాబట్టి పనికి కొదవుండదు. నెల తిరక్కుండా చట్టమైంది. ఆ పూటే ఆయనకి కొళాయి మంత్రి అని పేరొచ్చింది.

ప్రారంభోత్సవం పార్లమెంటు ముందు జరిగింది. అంతకుముందు అది ఆలుగడ్డల గోదాము. పరిశ్రమల మంత్రిగారు కొళాయి తిప్పారు, నీళ్లొచ్చాయి, ఫోటోలు తీశారు. వచ్చిన చిక్కల్లా కట్టేటప్పుడు వచ్చింది. చేయి దాని అలవాటున అది కుడికి తిప్పింది. నీళ్లు ఇంకాస్త వచ్చాయి. మంత్రిగారు బలం కొద్దీ ఇంకా కుడికి తిప్పారు. పాతికేళ్లు కారులో పక్కన కూర్చుని కుడి ఎడమలు నేర్పిన మనిషి కోటు చేతుల్లోంచి నీళ్లు కారుతుంటే కొళాయితో కుస్తీ పడ్డాడు. చివరికి కొళాయి ఊడొచ్చి ఆయన చేతిలో మిగిలింది, ధార మాత్రం ఫోటోగ్రాఫరు మీదకి పోయింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది గానీ చేతికి ఇంకా రాలేదు.

ఇంటింటా ఇదే కథ. కట్టేశాం అనుకుని ఆఫీసుకి పోయేవారు, తిరిగొచ్చేసరికి మంచం కింద చెప్పులు తేలుతుండేవి. కొళాయి మంత్రి ఇంట్లో కూడా భార్య రోజుకి నాలుగుసార్లు పొరపాటు పడేది, పడ్డప్పుడల్లా కొళాయి వంక కాకుండా మొగుడి వంక చూసేది. ఎండాకాలం వచ్చేసరికి ఊరి ట్యాంకులు ఖాళీ. కొత్త దేశం తన మొట్టమొదటి వాణిజ్య ఒప్పందం చేసుకుంది. పెద్ద దేశం దగ్గర నీళ్లు కొనుక్కుంది.

అయినా ఆ రోజుల్లో షాపు మాత్రం తిరునాళ్లలా ఉండేది. దేశమంతా కొళాయిలు మారుస్తోంది. ఆరుగురు పనివాళ్లు ఊపిరి తీసుకోకుండా ఎడమ చుట్లు కొట్టారు. లేత్‌ల గేర్లు, కత్తులు, కొలతలు అన్నీ ఎడమకి మార్చేశారు. దేశం అభివృద్ధి చెందుతోందని మంత్రిగారు ప్రకటించారు. తలసరి కొళాయిల్లో మనమే ముందున్నామని కూడా అన్నారు. ఎవరితో పోల్చారో మాత్రం చెప్పలేదు.

ఇంటింటికీ కొళాయి ఒక్కసారే మారుస్తారన్న సంగతి, పాపం, ఎవరికీ తట్టలేదు. చిన్న దేశం. ఇళ్లు అయిపోయాయి. తర్వాత బడులు, ఆసుపత్రి, జైలు అయిపోయాయి. జైల్లో ఖైదీలు లేకపోయినా కొళాయిలు పెట్టారు. ఆ తర్వాత షాపులో చీమ చిటుక్కుమంటే వినపడేది. బయటి దేశాలకి అమ్ముదామంటే ఎడమకి తిరిగే కొళాయి ఎవడికి కావాలి? గుమ్మం గట్టిగా మూశారు, నిజమే. లోపలివాళ్లు బయటికి వెళ్లాల్సింది కూడా ఆ గుమ్మంలోంచేనని మర్చిపోయారు.

పనివాళ్లలో పెద్దవాడు ఒకరోజు తలొంచుకుని వచ్చి, అవతలి దేశంలో ఫ్యాక్టరీ పనికి పేరు రాయించుకున్నానన్నాడు. మిగతావాళ్లూ అదే దారి. ఆ ఆరుగురినీ ఈయనే చేయి పట్టుకుని మిషను మీద నిలబెట్టాడు. వాళ్లు పోతే షాపు పోయినట్టే, షాపు పోతే ఈయన ఎందుకూ కొరగాడు. ఆ సంగతి ఆయనకి తెలుసు. భార్యకి ఇంకా బాగా తెలుసు.

"బావగారిని అడగండి" అంది.

"ఏ మొహం పెట్టుకుని? అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అంటారు జనం."

"జుట్టు పట్టుకోవడం అయిపోయిందిగా. ఇక మిగిలింది కాళ్లే."

పాస్‌పోర్టు తీసుకున్నాడు. ఫోటో విదేశాంగ మంత్రిగారి పాత స్టూడియోలోనే దిగాడు. బస్సెక్కి, చెక్‌పోస్టులో బారుగా నిలబడి, మళ్లీ బస్సెక్కి, ఇంటి డాబా మీంచి రాయి విసిరితే పడే చోటికి మధ్యాహ్నానికి చేరాడు. కాళ్లు వాటంతటవే పెరటి వైపుకి నడిచాయి. అక్కడ గుమ్మం లేదు. సరిహద్దు వైపు తలుపులుండకూడదని వాళ్ల ప్రభుత్వం ఇటుకలు పెట్టి మూయించింది. చుట్టూ తిరిగి వీధి వైపుకొచ్చి, వ్యాపారస్తులు కూర్చునే ముందు గదిలో కుర్చీ మీద కూర్చున్నాడు. ఆ గదిలో ఆయన ఏనాడూ కూర్చోలేదు.

అన్నయ్య గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చి బల్లకి అవతల కూర్చున్నాడు. జుట్టు బాగా నెరిసింది. 

"చెప్పండి. ఏ పని మీద వచ్చారు?"

వేళాకోళం అనుకుని తమ్ముడు నవ్వాడు. అన్నయ్య నవ్వలేదు. ఎవరో పనమ్మాయి సాసరులో కప్పూ, పక్కన రెండు బిస్కెట్లూ పెట్టి టీ తెచ్చింది. లోపల వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. వదిన అక్కడే ఉంది, బయటికి రాలేదు. ఆ చప్పుడు వింటూ కూర్చోవడం ఆయనకి తిట్లు తిన్నదానికంటే కష్టంగా ఉంది.

"అన్నయ్యా, ఆ రోజు నేనన్నది అబద్ధం. అంటున్నప్పుడే నాకు తెలుసు. చప్పట్లు కొడుతుంటే నోరు ఆగలేదు."

అన్నయ్య బల్ల మీదున్న మేకుల డబ్బాకి మూత బిగించాడు.

"అబద్ధమని నాకు చెప్పడమెందుకు? నాకు ఆ రోజే తెలుసు. విన్నవాళ్లకి చెప్పారా?"

చెప్పలేదు. ఎలా చెబుతాడు? ఊళ్లో ఆయనకి ఆ మాట మీదే కదా పేరొచ్చింది. తమ్ముడు టీ చల్లారబెట్టుకున్నాడు. అన్నయ్య కూడా మళ్లీ అడగలేదు. మాట మార్చి పనిలోకి దిగాడు. మండే గ్యాసు సిలిండర్లకి బిగించే నట్లు ఎడమకే తిరుగుతాయి, నీళ్ల గొట్టమో గాలి గొట్టమో పొరపాటున తగిలించకుండా. గ్యాసు కంపెనీలు ఏళ్ల తరబడి ఆ పని కోసం అన్నయ్య చుట్టూ తిరిగాయి. గేర్లన్నీ మార్చాలి, నావల్ల కాదని అప్పట్లో మొండికేసింది తమ్ముడే. అవతలి ఫ్యాక్టరీలకీ ఆ పనంటే చిరాకు. ఇప్పుడు షాపంతా ఎడమకి తిరిగి కూర్చున్నది ఈ చుట్టుపక్కల ఒక్కటే ఉంది. పోత నాది, చుట్లు మీవి, ధర అందరికీ ఇచ్చేదే, సరుకు బాగుంటే ఎప్పటికీ కొంటామని అన్నయ్య లెక్కగా చెప్పాడు. చెప్పి, గుమ్మం దాకా వచ్చి, నమస్కారం పెట్టి సాగనంపాడు.

ఇంటికొచ్చాక భార్య ఆత్రంగా అడిగింది, బావగారు ఏమన్నారని. ఆర్డరిచ్చాడన్నాడు. తిట్టారా అంది. లేదు, చాలా మర్యాద చేశాడన్నాడు. ఆవిడ మొహం అప్పుడు పాలిపోయింది.

ఆ తర్వాతి సంగతి దేశమంతా ఎరిగిందే. వచ్చిన పనికి షాపు చాల్లేదు, పక్క స్థలం కొన్నారు. వీధిలో ఇంకా నాలుగు షాపులు లేచాయి, అవన్నీ ఎడమవే. అవతలికి పోయిన పనివాళ్లు తిరిగొచ్చారు. రోడ్డు కూడా పడింది, దాని మీద జనం నడిచారు. ఇదంతా తన ముందుచూపేనని మంత్రిగారు చెప్పుకున్నారు. గ్యాసు నట్ల మాట ఆ కమిటీలో ఎవరైనా ఎత్తి ఉంటే తింటున్న సమోసా అందరి గొంతుకీ అడ్డం పడి ఉండేది. గుడ్డెద్దు చేలో పడ్డట్టు పడ్డారు, అదృష్టం కొద్దీ చేలో మేత ఉంది. ఎక్కడి నుంచో ఒక ప్రొఫెసరు వచ్చి, చిన్న దేశం విడిపోయి బాగుపడగలదా అని కొళాయి మంత్రిని అడిగాడు. ఎందుకు బాగుపడదండీ, అవతల కొనేవాడొకడు ఉండాలి, వాడు మనం తిట్టినవాడు కాకపోతే మరీ మంచిది అన్నాడు ఈయన. ప్రొఫెసరు మొదటి సగమే రాసుకున్నాడు.

నెలకోసారి సరుకు మాట్లాడ్డానికి ముందు గదిలోకి వెళ్లేవాడు. అదే కుర్చీ, అవే బిస్కెట్లు, అదే రండి, కూర్చోండి. ఒకసారి అలా వెళ్లొచ్చి చెప్పులు విప్పుతూ భార్యతో అన్నాడు, అన్నయ్య ఆ మర్యాద ఒక్కటీ మానేస్తే షాపులో సగం రాసిచ్చేస్తానని.

"సగం రాసిస్తే మళ్లీ ఉమ్మడి అవుతుంది. మీ మంత్రిగారు ఒప్పుకోరు" అంది ఆవిడ. నవ్వి, తర్వాత నవ్వు ఆపింది. "షాపు ఎవరడిగారండీ మిమ్మల్ని? ఆయన అడిగింది ఒక్క మాట. అది తప్ప అన్నీ ఇస్తానంటారు."

ఆ ఏడాది దేశం పుట్టినరోజు సభ కాలువ గట్టునే పెట్టారు. దేశాన్ని నిలబెట్టిన పారిశ్రామికవేత్త అని పిలిచి వేదిక ఎక్కించారు. మొదటి మాట మొదలెట్టకముందే చప్పట్లు. ఆయన అవి ఆగేదాకా ఆగాడు.

"ఇక్కడే ఒకసారి నేను మా అన్నయ్య నా కష్టం తిన్నాడన్నాను. అది అబద్ధం. నేనే మా అన్నయ్య ఇంట్లో తిన్నాను, పాతికేళ్లు తిన్నాను. మనం బతుకుతున్నది కూడా ఆయనిచ్చిన పని మీదే."

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. పేరు పోతుందని, రాళ్లు పడతాయని ఆయన సిద్ధపడే ఎక్కాడు. ముందు వరసలో ఎవడో ఎంత వినయం అన్నాడు. అంతే, మైదానం చప్పట్లతో ఊగిపోయింది. మంత్రిగారు మైకు లాక్కుని, పరాయి దేశస్తుల్ని సైతం పొగడగల ఇలాంటి పెద్దమనసే మన దేశ సంపద అని ఇంకో అరగంట మాట్లాడారు. నిజం చెప్పి తిట్లు తినే అవకాశం కూడా ఆ మనిషికి దక్కనివ్వలేదు.

ఆయన వేదిక దిగి, దండలు పట్టుకొస్తున్నవాళ్లని తోసుకుంటూ, నేరుగా కంచె దగ్గరికి నడిచాడు. అవతల కొలిమి ముందు అన్నయ్య నిలబడి ఉన్నాడు. కాపలా జవాను వెనక్కి జరగమన్నా వినకుండా కంచె పట్టుకుని, "అన్నయ్యా, విన్నవాళ్లకి చెప్పాను. నీకు వినపడిందా?" అని అరిచాడు.

అన్నయ్య కాలువ అంచు దాకా వచ్చాడు.

"వినపడింది లేరా, వెధవా. చప్పట్లే ఎక్కువ వినపడ్డాయి."

అని వెనక్కి తిరిగి కొలిమిలోకి వెళ్లిపోయాడు. ఇవతల కొళాయి మంత్రి అరవయ్యేళ్ల వయసులో, జరీ శాలువాతో, ముళ్ల కంచె పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. జవాను కంగారుపడి, ఏమైంది సార్, ఏమన్నాడు ఆయన అని అడిగాడు.

"మా అన్నయ్య తిట్టాడయ్యా" అన్నాడు ఆయన.